మూరకొక చిల్లు

జూన్ 10, సోమవారం

ఈ పుస్తకం ఎవరి చేతికైనా వస్తే ముందుగా ఒక మాట. నా రాత కోడి గీరినట్టు ఉంటుంది, ఒత్తులు తప్పుతాయి, క్షమించాలి. అక్కుపల్లి బడిలో ఏడో తరగతి మధ్యలో మానేశాను. తప్పులు చూసి నవ్వుకుంటే నవ్వుకోండి, పైకి చదివి మాత్రం నవ్వకండి. ఇది పైపుల కొలతలు రాసుకునే పుస్తకం. ముందు పేజీల్లో మా బావ యువరాజు, అంటే నా మొగుడు, రాసిన అంగుళాలు, అడుగులు ఉన్నాయి. నేను వెనక నుంచి రాస్తున్నాను.

కాశీబుగ్గ బయట కొత్తగా కట్టిన రొయ్యల కోల్డ్ స్టోరేజీలో మేం పైపులకు చొక్కా తొడిగే పని చేస్తున్నాం. అలా అంటాడు నారాయణ మావ. అమ్మోనియా పోయే ఇనప పైపు ఐసుకన్నా చల్లగా ఉంటుంది. దాని చుట్టూ పఫ్ ముక్కలు అతికించాలి. థర్మోకోల్ లాంటివే, ఇంకా గట్టివి, పసుపు రంగువి. వాటి మీద గుడ్డ చుట్టి నల్ల పూత పూయాలి. పైన అల్యూమినియం షీటు. పఫ్, షీటు మా బావ పని. నల్ల పూత నా పని. మా అందరికీ పెద్ద నారాయణ మావ, మిస్త్రీ. టెక్కలి ఆయన. ముప్పై ఏళ్ళు విశాఖపట్నంలో ఇదే పని చేసి వచ్చాడు. బావకి పని నేర్పింది ఆయనే. మా వీధిలోనే, మూడు ఇళ్ళ అవతల ఉంటాడు.

ఇవాళ ఒకటో లైను కింద నేల మీద నీళ్ళు కనిపించాయి. పైకి చూస్తే షీటు ఉబ్బి ఉంది, పాము కప్పని మింగినట్టు. ఒక చోట కాదు. చాలా చోట్ల.

ఇంజినీరు మోహన్ సారు షీటు కోయించారు. లోపల పఫ్ పగిలి, మధ్యలో ఐసు తెల్లగా గడ్డకట్టి ఉంది.

"నారాయణా, ఇదేనా నీ ముప్పై ఏళ్ళ పనితనం? గ్యాస్ పెట్టి నెల కాలేదు."

నారాయణ మావ ఆ ముక్క చేతిలోకి తీసుకుని తిరగేశాడు. కింద వైపు బొటనవేలు ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు.

"గాలి దూరినాది బాబూ."

"ఎలా దూరింది అని అడుగుతున్నాను."

"పూత మీద నాను సెయ్యెట్టి సూసుకోవాల. సూసుకోనేదు. తప్పు నాదే."

నేను నిచ్చెన పక్కన నిలబడి ఉన్నాను. బ్రష్షు చేతిలో ఉంది. ఎవరూ నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చి కవళ్ళ ఎండుచేపల పులుసు పెట్టాను. బావ తినలేదు. నేను తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

జూన్ 11, మంగళవారం

రాయవలసింది నిన్న రాయలేదు. ఇవాళా రాయను.

జూన్ 12, బుధవారం

రాస్తాను.

చిల్లులు పెట్టింది నేను.

పనిలో చేరిన మొదటి రోజే నారాయణ మావ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "ఒలమ్మీ, నీళ్ళు ఎక్కడినుంచో రావు. గాలిలోంచే వత్తాయి. సూదంత సందు దొరికితే సాలు, సముద్రం గాలి దూరిపోద్ది. దూరినాక లోపలే గడ్డకట్టి సొక్కా సింపేత్తాది. నీ నల్ల పూతే మనకి కాపలా. అర్తమయినాదా?"

తల ఊపాను. లోపల నమ్మలేదు. గాలిలో నీళ్ళు ఎక్కడివి అనుకున్నాను. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఐసు గురించి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. నలుగురిలో నోరెత్తి మాట్లాడని దానికి లోపల ఇంత పొగరు ఉందని ఎవరికీ తెలియదు.

మా నాన్న దానయ్య తెప్ప దిగగానే చేపని ఐసు పెట్టెలో వేస్తాడు. ఆ పెట్టెలకి అడుగున చిల్లు ఉంటుంది. కరిగిన నీళ్ళు పోవాలి. నీళ్ళు నిలిస్తే ఐసు తొందరగా కరుగుతుంది, చేప మెత్తబడుతుంది. కొత్త పెట్టె వస్తే చిల్లు పెట్టేది నేనే. ఆరేళ్ళ వయసునుంచి అదే నా పని. "నా కూతురు సిల్లెట్టిన పెట్టిలో సేప మూడ్రోజులున్నా కన్ను తెల్లబడదు," అని నాన్న ఒడ్డున అందరితో చెప్పేవాడు. నన్ను ఎవరైనా పొగిడింది ఆ ఒక్క పనికే.

కంపెనీలో అందరికన్నా ముందు గ్యాస్ పెట్టిన చిన్న గది దగ్గర ఒక వాల్వుకి ఇంకా చొక్కా తొడగలేదు. దాని కింద ఎప్పుడూ నీళ్ళు కారుతూ ఉంటాయి. అది చూశాను. మన పైపులోనూ ఇలాగే నీరు ఊరుతుంది కదా, పూత పూసేస్తే అది ఎటు పోతుంది అనుకున్నాను. వీళ్ళకి ఈ మాత్రం తోచలేదు అనుకున్నాను.

మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న దబ్బనం ఉంది, వల అంచుకి తాడు కుట్టేది. పూత ఆరాక, షీటు ఎక్కకముందు, పైపు కింద వైపు మూరకొక చిల్లు పెట్టాను. నా మూరతో కొలిచి పెట్టాను. వరసగా, అందంగా. మూడు రోజులు. ఒకటో లైనూ రెండో లైనూ.

ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెబుదాం అనుకున్నాను. బాగా పనిచేశాక ఎవరో ఒకరు చూసి, ఇది ఎవరి తెలివి అని అడుగుతారని అనుకున్నాను.

షీటు ఎక్కించే ముందు నారాయణ మావ లైను పొడుగునా కింద చెయ్యి పెట్టి తడుముతాడు. అది ఆయన పద్ధతి. ఆ మూడు రోజులూ ఆయన లేడు. ఆయన భార్య నీలమ్మత్తకి డయాలసిస్‌లో బీపీ పడిపోతే పలాస ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన ఉండి ఉంటే దొరికేది. అంటే తప్పు ఆయనది కూడా.

ఈ చివరి మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జూన్ 14, శుక్రవారం

నారాయణ మావని పని మానిపించారు. బావని మిస్త్రీని చేశారు.

మోహన్ సారు అందరి ముందూ చెప్పారు. నారాయణ మావ తన చేతి పరికరాలు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి బావ చేతికి ఇచ్చాడు. షీటు కత్తెర ఇస్తూ, "ఇది నా ఎడం సేతి కత్తెర, కుడి సేతివోడి మీద కోపం సేత్తాదిరా, నెమ్మదిగా అలవాటు సేసుకో," అని నవ్వించబోయాడు. బావ నవ్వలేదు. తల దించుకుని పుచ్చుకున్నాడు.

ఇంటికొచ్చాక బావ, "నాకీ పెద్దరికం ఒద్దే రజనీ. ఆ మావ సెయ్యి పట్టుకుని నేర్పిన పని," అన్నాడు.

"మరి ఒద్దని సెప్పకపోయేవా?" అన్నాను. ఎంత ధైర్యం నాకు, ఆ మాట అనడానికి.

"సెప్పినాను. నువ్వు కాపోతే బైటోడు వత్తాడు అన్నారు."

సాయంత్రం వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు మిస్త్రీ గారి పెళ్ళాం అని పిలిచారు. నాకు సంతోషం కలిగింది. కలగలేదని రాద్దామనుకున్నాను కానీ ఇది నా పుస్తకం. కలిగింది.

జూన్ 15, శనివారం

నారాయణ మావకి అరవై దాటాయి. చేతులు వణుకుతున్నాయి. ఈ మధ్య నిచ్చెన ఎక్కితే ఆయాసం కూడా వస్తోంది. ఎలాగూ మానేసేవాడే.

జూన్ 16, ఆదివారం

చేతులు వణకడం నేను చూడలేదు.

జూన్ 18, మంగళవారం

నారాయణ మావ పారాదీప్ వెళ్ళిపోయాడు. అక్కడ చేపల కంపెనీలో పని దొరికిందట. ఇక్కడ ఇక ఎవరూ పెట్టుకోరు. మోహన్ సారు చెడ్డవారు కాదు, కానీ మాట పాకుతుంది కదా.

వెళ్ళే ముందు మా గుమ్మంలోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మీ, నీలమ్మకి మంగళారం, సుక్కురారం డయాలసిస్. ఆటో ఎక్కించి, ఆ నాలుగ్గంటలూ పక్కన కూకోడానికి మడిసి కావాల. నువ్వెల్తావేటి?"

"ఎల్తాను మావా."

"నీల్లు తాగనీకు. గోల పెట్టేత్తాది. ఐసు ముక్క ఒక్కటే బుగ్గనెట్టమను."

ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను.  ఆయన నా చేతుల వైపు చూస్తున్నాడు. గోళ్ళ సందుల్లో నల్ల పూత ఎంత కడిగినా పోదు. చేతులు కొంగు కిందకి లాక్కున్నాను.

"ఉంతాను మరి," అన్నాడు. బావ స్టేషన్ దాకా సంచీ మోశాడు.

నీలమ్మత్తతో ఆసుపత్రికి వెళ్ళాను. బస్తాలా పడుకోబెడతారు, గొట్టాల్లో రక్తం బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోతుంది. మొదటిసారి చూశాను. ఆ హాలు నిండా మా ఉద్దానం వాళ్ళే.

జూన్ 21, శుక్రవారం

దారిలో ఐసు కరిగిపోయింది. గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను, సగం నీళ్ళయింది. నీలమ్మత్త ఆ గుడ్డని పిండుకుని నాలుక మీద వేసుకోబోతే లాక్కున్నాను.

"దొంగ గుంటా, నీ మావకన్నా గట్టిదానివే నువ్వు."

"డాట్రు తిడతాడత్తా."

"డాట్రుని ఒక్క దినం దాహంతో ఉండమను. అప్పుడు తిట్టమను." నవ్వి, తర్వాత కాసేపు కళ్ళు మూసుకుంది. "మీ మావ పోన్ సేసినాడు. ఆడ నీల్లన్నం పెడతన్నారంట. నలుగురు కుర్రోల్లతో ఒక గది. మంచం నేదు."

"వచ్చీమను అత్తా."

"వచ్చి ఏటి సేత్తాడు? ఈడ పరువు పోయినాది కదే. ముప్పై ఏళ్ళు ఒక్క మాట పడనేదు. ఇప్పుడు పడినాడు. ఏటి జరిగినాదో అడిగితే సెప్పడు. అయినా నువ్వు మంచి పిల్లవి. సొంత కూతురయితే ఇలా కూకుంటాదేటి?"

నేను ఆ మాట వింటూ కూర్చున్నాను. లేచి బయటికి వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళలేదు. బాగుంది వినడానికి.

జూన్ 23, ఆదివారం

దబ్బనం బియ్యం డబ్బాలో దాచాను. తర్వాత తీసి అటక మీద పెట్టాను.

జూన్ 25, మంగళవారం

మిగిలిపోయిన పఫ్ ముక్కలతో నీలమ్మత్త ఐసు కోసం చిన్న పెట్టె చేశాను. అతుకులన్నీ నల్ల పూతతో మూశాను. మూత అంచుకి టేపు. అలవాటుగా తిరగేసి, చిల్లు ఎక్కడ పెట్టాలా అని అడుగున వేలితో తడిమాను. పెట్టలేదు. మూశాక గాలి చొరబడే సందు ఎక్కడా లేదు.

పొద్దున్న ఆరింటికి వేసిన ఐసు మధ్యాహ్నం ఒంటిగంటకి కూడా గడ్డగానే ఉంది. నాన్న పెట్టెలో ఉన్నట్టు అడుగున నీళ్ళు కూడా పెద్దగా లేవు. నారాయణ మావ చెప్పినది నాకు ఆ హాల్లో, నీలమ్మత్త బుగ్గన ఐసు పెడుతుంటే అర్థమైంది. మా నాన్న పెట్టెని రోజుకి పదిసార్లు తెరుస్తారు, ఐసు కరుగుతుందని ముందే తెలుసు, కరిగినది పోవాలి. పైపు చొక్కాలో గాలి దూరకపోతే నీరే ఊరదు, ఇక పోవడానికి ఏముంది. రెండూ ఐసే. పని వేరు. ఒకసారి అడిగి ఉంటే చెప్పేవాడు.

ఇంటికొచ్చాక బావ అన్నాడు, శుక్రవారం రెండో లైనుకి గ్యాస్ పెడతారని. ఆ లైను షీటు ఎక్కించినది బావ. కాగితం మీద ఇప్పుడు మిస్త్రీ పేరు కూడా బావదే.

జూన్ 26, బుధవారం

శుక్రవారం గ్యాస్ పెడితే పదిహేను రోజుల్లో ఉబ్బుతుంది. అప్పుడు మోహన్ సారు బావని అడుగుతారు, ఇదేనా నీ పనితనం అని.

జూన్ 27, గురువారం

చెప్పేశాను.

అటక మీంచి దబ్బనం తీసి కొంగున కట్టుకుని వెళ్ళాను. మోహన్ సారు, బావ రెండో లైను వాల్వు దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. చాలాసేపు ఎవరూ పట్టించుకోలేదు. నాకది అలవాటే.

చివరికి బావే, "ఏటే, పూత డబ్బా ఐపోయినాదేటి?" అన్నాడు.

నేను దబ్బనం తీసి చూపించాను. "గ్యాస్ ఒదలొద్దు సారూ. దీనికి కూడా సిల్లులున్నాయి."

"ఏ చిల్లులు?"

"నాను పెట్టినాను. దీంతో. కింద పక్క. మూరకొకటి. ఒకటో లైనుకీ నానే పెట్టినాను. నారాయణ మావ కాదు."

మోహన్ సారు ముందు బావ వైపు చూశారు. "ఎందుకు పెట్టావమ్మా? ఎవరైనా పెట్టమన్నారా?"

"నీల్లు పోడానికి సారూ. మా నాన్న ఐసు పెట్టికి పెడతాం."

ఆయన నవ్వుతారని అనుకున్నాను. నవ్వి ఉంటే బాగుండేది. ఆయన నిచ్చెన మెట్టు మీద కూర్చుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పెద్దాయన్ని అందరి ముందూ ఎన్ని మాటలన్నాను," అన్నారు. ఆ తర్వాత, "ఈ అమ్మాయిని రేపట్నించి పనిలోకి తీసుకురాకు యువరాజూ," అన్నారు.

దారంతా బావ నాకన్నా ముందు నడిచాడు. గుమ్మంలోకి వచ్చాక అడిగాడు.

"మావని పంపించీసినప్పుడు అక్కడే ఉన్నావు కదే. నన్ను మిస్త్రీని సేసినప్పుడు ఉన్నావు. ఆయన రైలెక్కినప్పుడు కూడా. అప్పుడు నేవని నోరు ఇప్పుడెలా వచ్చినాది?"

సమాధానం నాకు తెలుసు. బావకీ తెలుసు. నారాయణ మావ కోసం నా నోరు లేవలేదు. మొగుడి మీదకి వస్తుందంటే లేచింది.

జూన్ 28, శుక్రవారం

బావ నిన్న సాయంత్రం పారాదీప్‌కి ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు, నేను వినాలని.

"మావా, ఆ సిల్లులు..."

"తెలుసురా."

"తెలుసా?"

"ఆ పొద్దు ముక్క తిరగేసినప్పుడే నా బొటనేలికి తగిలినాది. పక్క ముక్కకి కూడా ఉన్నాది. మూరకి సరిగ్గా ఒకటి. ఎలక కొరికితే కొలత పెట్టుకుని కొరకదు కదరా. ఐసు పెట్టి కతలు సెప్పేది మన పనిలో ఒక్క గుంటే."

"మరి సెప్పనేదేటి మావా!"

 వెనక ఎవరో ఒరియాలో అరుస్తున్నారు.

"నాను తడమనేదురా. ఆసుపత్రిలో కూకుని కాయితం మీద తడిమినానని సంతకం పెట్టినాను. మీ అత్త కళ్ళు తేలేసినాది, నాకు పైపులు గురుతున్నాయేటి? తడిముంటే ఆ పొద్దే దొరికీది. సిన్న గుంట తెలీక సేసినాది. నాను తెలిసి సంతకం పెట్టినాను. ఎవరిది పెద్ద తప్పు?"

బావ ఫోన్ నా వైపు పెట్టాడు.   ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఆ గుంట ఉన్నాదేటి అక్కడ?" అన్నాడు నారాయణ మావ. "దాన్ని పన్లోంచి తియ్యొద్దని సారుకి సెప్పు. రెండో లైను సిల్లులు ఎక్కడున్నాయో దానికే తెలుసు. దాని సేతనే పూడిపించు."

జూన్ 30, ఆదివారం

మోహన్ సారు ఒప్పుకున్నారు, ఈ ఒక్క పనికి. బావ షీట్లు విప్పుతుంటే నేను కింద పడుకుని నా మూరతో కొలుచుకుంటూ వెళ్ళాను. ప్రతి చిల్లుకీ గుడ్డ ముక్క, రెండు పూతలు. ఇప్పటికి అరవై ఎనిమిది. ఆరాక బావ చెయ్యి పెట్టి తడిమాడు. నేనూ తడిమాను. పూత మొహం మీద పడుతుంది. తుడుచుకోవాలనిపించలేదు.

జూలై 2, మంగళవారం

నూట పన్నెండు. అయిపోయాయి.

నీలమ్మత్తకి ఇంకా ఏమీ తెలియదు. బావ చెప్పలేదు. నారాయణ మావ కూడా చెప్పలేదట. ఇవాళ పెట్టె మూత తీసి ఐసు చూసి, "దీన్ని సేసిన సేతులకి దండం పెట్టాల," అని పక్క మంచం ఆవిడకి చూపించింది.

జూలై 5, శుక్రవారం

నారాయణ మావ ఆదివారం వచ్చేస్తున్నాడు. ఒకటో లైను మొత్తం విప్పి మళ్ళీ కట్టాలి, ఆయన లేకుండా కాదని మోహన్ సారే పిలిపించారు. కానీ మిస్త్రీగా కాదు. సంతకం సంగతి ఆయనే ఫోన్లో సారుకి చెప్పేశాడట. అందుకని బావ కింద పని చేస్తాడు. బావకి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. కత్తెరకి నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టాడు, ఆయనకి తిరిగి ఇవ్వడానికి.

నేను ఆయన ఎదురుగా నిలబడి చెప్పలేను. నా సంగతి నాకు తెలుసు. గుమ్మం దాకా వెళ్తాను, కొంగు కింద చేతులు దాచుకుంటాను, కూర వండి తెచ్చాను మావా అంటాను. అందుకని ఈ పుస్తకమే క్యారేజీ గిన్నె కింద పెట్టి ఇచ్చేస్తాను. బావ కొలతల పేజీలు చింపి విడిగా ఉంచాను.

మావా, జూన్ 12, జూన్ 15 తప్పకుండా చదువు. నీ చేతులు వణుకుతున్నాయని రాశాను. వణకవు. తప్పు నీది కూడా అని రాశాను. నువ్వు ఫోన్లో అదే మాట అన్నావు కానీ, నువ్వు అనడం వేరు, నేను అనుకోవడం వేరు.

చదివాక పొయ్యిలో పెట్టెయ్యి మావా. ఒక్క పేజీ కూడా ఉంచకు. నీలమ్మత్తకి మాత్రం చదివి వినిపించకు. మంచి పిల్లవి అంటుంది నన్ను. ఆ మాట ఇంకొన్నాళ్ళు వినాలని ఉంది.